హైదరాబాద్ నగరంలో మన అడవి జంతువులు

హైదరాబాద్ చూడబోయే విద్యార్థుల బృందాలు సాధారణంగా చార్మినార్, గోల్కొండ కోట, సాలార్‌జంగ్ మ్యూజియం, ట్యాంక్‌బండ్ చూసుకొని చివరి రోజు జూపార్కుకు పోతాయి. జంతువులను చూడాలంటే జూయే దిక్కు అన్నది మామూలు అభిప్రాయం. అయితే కోటి మంది దాకా జనం ఉండే ఆ నగరంలోనే, బోను లేకుండా, వేళకు మేత వేసేవారు లేకుండా, తమంతట తామే మేసి, పిల్లలను పెట్టి, ఎండకూ వానకూ ఓర్చుకొని బతికే వన్యప్రాణులు ఉన్నాయి. ఈ వ్యాసం వాటి గురించి.

2024 డిసెంబరులో మా వసతి గృహం ఎనిమిది, తొమ్మిది, పదో తరగతుల విద్యార్థులం వార్డెన్ సార్‌తో, సైన్సు సార్‌తో కలిసి రవీంద్రఖని స్టేషన్‌లో రైలెక్కి మూడు రోజుల విజ్ఞాన యాత్రకు వెళ్ళాము. అక్కడ చూసినవి, తిరిగి వచ్చాక పుస్తకాలలో చదివినవి, సార్లను అడిగి తెలుసుకున్నవి ఈ వార్షికోత్సవ సంచిక కోసం ఒకచోట చేర్చి రాస్తున్నాము. బస్సులో పాడిన పాటలు, ట్యాంక్‌బండ్ మీద తిన్న మిర్చి బజ్జీల సంగతులు వేరే మిత్రులు రాస్తున్నారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

స్థానిక జంతువు అంటే ఏమిటి?

నెహ్రూ జంతు ప్రదర్శనశాల మీర్ ఆలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాలలో ఉన్నది. 1963 అక్టోబరు 6న దీనిని ప్రారంభించారు. అందులో జిరాఫీ ఉంది, నీటిగుర్రం ఉంది, జాగ్వార్ ఉంది. జిరాఫీ, నీటిగుర్రం ఆఫ్రికావి. జాగ్వార్ అమెరికా ఖండానిది. వాటిని మన అడవిలో వదిలితే అవి ఇక్కడివి అయిపోవు. ఏ జంతువైతే ఒక ప్రాంతపు నేలకు, వానకు, గడ్డికి, అక్కడి శత్రువులకు వేల తరాలుగా అలవాటుపడి మనిషి తెచ్చిపెట్టకుండానే ఉంటుందో దానిని ఆ ప్రాంతపు స్థానిక జంతువు అంటారు. మన నెమలి, పాలపిట్ట, దుప్పి, ఇర్రి, ముంగిస, ఉడుము, నక్షత్ర తాబేలు ఈ లెక్కలోకి వస్తాయి.

జూలో అందరూ గుమిగూడే తెల్లపులి సంగతి కొంచెం వింత. అది వేరే దేశపు పులి కాదు, వేరే జాతి కూడా కాదు. మన పులికే పుట్టుకతో రంగు తగ్గిన రూపం. 1951లో మధ్యభారతంలోని రీవా అడవుల్లో పట్టుబడిన మోహన్ అనే తెల్లపులి సంతతే నేడు జూలలో కనిపించే తెల్లపులుల్లో చాలావరకు. తమలో తామే జతకట్టించి పెంచిన కారణంగా వీటిలో మెల్లకన్ను వంటి లోపాలు తరచుగా వస్తాయి. తెలుపు రంగు చూడడానికి బాగుంటుంది గానీ, మాకు మాత్రం పక్క ఎన్‌క్లోజరులోని మామూలు పులే నచ్చింది. ఎండుగడ్డిలో పడుకుంటే ఆ చారలు ఎట్లా కలిసిపోతాయో దానిని చూస్తేనే అర్థమవుతుంది.

జూ, అభయారణ్యం, జాతీయ పార్కు ఒకటి కావు. జూలో జంతువు మనిషి పోషణలో ఉంటుంది. అభయారణ్యంలో జంతువులు స్వేచ్ఛగా ఉంటాయి, చుట్టుపక్కల ప్రజల కొన్ని హక్కులను అనుమతితో కొనసాగనిస్తారు. జాతీయ పార్కులో పశువుల మేతను కూడా అనుమతించరు. ఇవన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. ఈ తేడా పరీక్షలో అడుగుతారని కాదు గానీ, హైదరాబాద్ నగర పరిసరాల్లోనే మూడు జాతీయ పార్కులు ఉన్నాయని తెలిసినప్పుడు దీని విలువ తెలుస్తుంది. జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కు, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరులోని మృగవని.

జూబ్లీహిల్స్‌లో నెమలి కూత

కేబీఆర్ పార్కు అని అందరూ పిలిచే స్థలం సుమారు 390 ఎకరాలు. ఏడో నిజాం మనుమడు ముకర్రం ఝా కోసం 1967లో కట్టిన చిరాన్ ప్యాలెస్ దీని లోపల ఉన్నది. 1998లో దీనిని జాతీయ పార్కుగా ప్రకటించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి పేరు పెట్టారు. చుట్టూ రోడ్లు, పెద్ద పెద్ద బంగళాలు, ఆస్పత్రులు, షాపులు. రోడ్డు మీద హారన్ల మోత. గేటు దాటి పది నిమిషాలు లోపలికి నడిస్తే ఆ మోత పలచబడి నెమలి కూత వినిపిస్తుంది.

తెల్లవారుజామున పోవడం మంచిదైంది. నడకకు వచ్చే పెద్దవాళ్ళు బూట్లు వేసుకొని, చెవుల్లో వైర్లు పెట్టుకొని గబగబా పోతున్నారు. దారి పక్క రాతిబండ మీద నిలబడిన నెమలి వాళ్ళను పట్టించుకోలేదు, వాళ్ళూ దానిని పట్టించుకోలేదు. మేము మాత్రం ముప్ఫై మందిమి ఒక్కచోటే ఆగిపోయేసరికి అది అనుమానంగా చూసి పొదలోకి దిగింది.

మేము చూసిన మగ నెమళ్ళకు బొమ్మల్లో ఉండేంత పొడవు పింఛం లేదు. దానికి కారణం ఉంది. మగ నెమలి ఏటా వానాకాలంలో జతకట్టే కాలం ముగిశాక పింఛపు ఈకలన్నీ రాల్చేస్తుంది. తర్వాత కొత్తవి నెమ్మదిగా పెరిగి, మళ్ళీ వేసవి ముగిసేనాటికి పూర్తి అందంతో ఉంటాయి. డిసెంబరు అంటే పింఛం ఇంకా పెరుగుతున్న కాలం. పింఛం ఈకల కోసం నెమలిని చంపాల్సిన పని లేదన్న మాట. అయినా చంపేవాళ్ళు ఉన్నారు, అది వేరే సంగతి. నెమలిని 1963లో జాతీయ పక్షిగా ప్రకటించారు. గింజలు, పురుగులు, బల్లులు, చిన్న పాములు దాని ఆహారం.

పార్కు బోర్డుల మీద ఏదుపంది, పునుగుపిల్లి, అడవిపిల్లి, అలుగు పేర్లు కూడా ఉన్నాయి. ఇవి ఎక్కువగా రాత్రి తిరిగేవి కాబట్టి పగలు పోయిన వాళ్ళకు కనబడడం అరుదు. మాకు కనిపించినవి ముంగిసలు రెండు, ఒక ఉడుము, కౌజు పిట్టల గుంపు, రామచిలుకలు లెక్కలేనన్ని, ఒక పాలపిట్ట. పాలపిట్ట కొమ్మ మీద కూర్చుంటే మామూలు గోధుమరంగు పిట్ట. ఎగిరితేనే రెక్కల్లోని నీలం రంగు బయటపడుతుంది. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత దీనినే మన రాష్ట్ర పక్షిగా, చుక్కల దుప్పిని రాష్ట్ర జంతువుగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని మన పెద్దల నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకొని కొందరు పిట్టను ముందుగానే పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులు తీసుకొని చూపిస్తారు. ఇది చట్టప్రకారం నేరం. రామచిలుకను పంజరంలో పెంచడం కూడా నేరమే. ఈ రెండో సంగతి విన్నప్పుడు మాలో ఇద్దరు ముగ్గురి మొహాలు చూడాల్సిందే, వాళ్ళ ఇళ్ళలో చిలుకలు ఉన్నాయి.

మాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. ఈ పార్కు బతికి ఉండడానికి జనం కొట్లాడాల్సి వచ్చింది. 2016లో పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్రతిపాదన వచ్చినప్పుడు నగరవాసులు రోడ్డు మీదికి వచ్చి వ్యతిరేకించారు, కోర్టులకు వెళ్ళారు. జాతీయ పార్కు చుట్టూ కొంత మేర రక్షణ వలయం ఉండాలని నియమం. ఇక్కడ ఆ వలయం వెడల్పు కొన్ని మీటర్లకే పరిమితమైంది. అంటే గోడ, గోడ తర్వాత కాలిబాట, కాలిబాట తర్వాత నగరం. లోపల పుట్టిన ఏదుపంది పిల్ల పెద్దదై జత కోసం బయటికి పోవాలంటే పోవడానికి దారి లేదు. 390 ఎకరాలే దాని ప్రపంచం.

ఇర్రి వేరు, దుప్పి వేరు

మా యాత్రలో అన్నింటికన్నా ఎక్కువసేపు గడిపినదీ, ఎక్కువ నేర్చుకున్నదీ వనస్థలిపురంలో. విజయవాడ పోయే జాతీయ రహదారి పక్కన మూడు వేల ఏడు వందల ఎకరాలకు పైగా ఉన్న గడ్డిభూమి అది. ఒకప్పుడు నిజాం వేటస్థలం. 1975లో, వర్ధమాన మహావీరుని నిర్వాణానికి 2500 సంవత్సరాలు నిండిన సందర్భంగా, జింకల వనంగా చేసి ఆయన పేరు పెట్టారు. వేటాడిన చోటికే అహింస బోధించిన వాని పేరు రావడం బాగుంది. 1994లో ఇది జాతీయ పార్కు అయింది.

మనం చూసిన ప్రతిదాన్నీ జింక అంటాం. నిజానికి అక్కడ రెండు వేరువేరు కుటుంబాల జంతువులు పక్కపక్కనే మేస్తుంటాయి. మన పాత తెలుగులో వాటికి వేరువేరు పేర్లు ఉన్నాయి. కృష్ణజింకలో మగదానిని ఇర్రి అంటారు. ఆడదానిని లేడి అంటారు. ఒంటి నిండా తెల్లచుక్కలు ఉన్నది దుప్పి. చుక్కలు లేకుండా పెద్ద దూడంత ఎత్తున ముదురు గోధుమరంగులో ఉండేది కణుజు. గుర్రం మాదిరి ఎత్తుగా, బూడిద నీలం రంగులో ఉండేది మనుబోతు. మన వైపు పల్లెల్లో తాతలకు ఈ పేర్లన్నీ తెలుసు. పాఠ్యపుస్తకంలో మాత్రం అన్నీ జింకలే.

తేడా కొమ్ముల్లో ఉంది. ఇర్రి కొమ్ము మెలితిరిగిన కడ్డీలాగా ఉంటుంది, కొమ్మలు ఉండవు. లోపల ఎముక, పైన మేక కొమ్ముకు ఉన్నట్టే గట్టి తొడుగు. అది జీవితాంతం ఉంటుంది, ఊడిపోదు, విరిగితే మళ్ళీ రాదు. దుప్పి, కణుజు కొమ్ములు చెట్టుకొమ్మల్లాగా చీలి ఉంటాయి. అవి పూర్తిగా ఎముక. ఏడాదికొకసారి ఊడిపడిపోయి కొత్తవి మొలుస్తాయి. మొలిచేటప్పుడు వాటి మీద నూగు ఉన్న మెత్తని చర్మం, అందులో రక్తనాళాలు ఉంటాయి. కొమ్ము ముదిరాక ఆ చర్మం ఎండిపోతుంది, దానిని చెట్లకు రాసి రాసి వదిలించుకుంటుంది. అందుకే దుప్పులున్న అడవిలో కొన్ని మొక్కల బెరడు చెక్కినట్టు ఉంటుంది. కాబట్టి ఇర్రి మన మేకకు, ఆవుకు దగ్గరి చుట్టం. దుప్పి వేరే ఇల్లు.

మాకు దారి చూపిన అటవీ శాఖ వాచర్ తాత వయసు మనిషి. "చప్పుడు చెయ్యకుర్రి బిడ్డా, అవి మిమ్ముల చూడకముందే వింటయి" అన్నాడు. గాలి ఎటు వీస్తుందో చూసుకొని ఎదురుగాలి వైపు నుండి నడిపించాడు. ఒక మలుపులో చేయి ఎత్తి ఆపాడు. దూరంగా గడ్డిలో పదిహేను ఇరవై లేళ్ళు, వాటి మధ్య ఒకే ఒక ఇర్రి. వీపు నల్లగా, కడుపు తెల్లగా, కంటి చుట్టూ తెల్ల వలయం. పిల్లప్పుడు మగది కూడా లేత గోధుమరంగే. వయసు వచ్చిన కొద్దీ నలుపు తిరుగుతుంది. మేము చూస్తుండగానే ఏదో చప్పుడుకు గుంపంతా ఒక్కసారి కదిలింది. పరుగెత్తడం కన్నా ముందు అవి నిలువుగా గాలిలోకి ఎగురుతాయి, నాలుగు కాళ్ళూ నేల విడిచి. స్ప్రింగు వేసినట్టుంది అన్నాడు మా తొమ్మిదో తరగతి మిత్రుడు. తరువాత పరుగు. గంటకు 80 కిలోమీటర్ల దాకా పోగలవని చదివాము.

అంత వేగం ఎందుకు? గడ్డి మైదానంలో దాక్కునేందుకు చెట్టు లేదు, పొద లేదు. దానికి తోడు ఒకప్పుడు ఈ దేశంలో చిరుతపులి కన్నా వేగంగా పరుగెత్తే చీతా ఉండేది. రాజులు చీతాలను మచ్చిక చేసి వాటితోనే కృష్ణజింకలను వేటాడించేవారు. 1952లో భారతదేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. 2022లో ఆఫ్రికా నుండి చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. వేటాడేది పోయింది, దాని నుండి తప్పించుకునే పరుగు మాత్రం ఇర్రి కాళ్ళలో మిగిలింది. వనస్థలిపురంలో ఇప్పుడు దానిని తరిమేవి వీధికుక్కలు.

రాబందుల సంగతి

జూను తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. అక్కడ సందర్శకులకు చూపని పని కూడా జరుగుతుంది. మూషిక జింక అని ఒకటి ఉన్నది. కుందేలు కన్నా కొంచెం పెద్ద, కొమ్ములు లేవు. మన దేశంలోని గిట్టల జంతువుల్లో చాలా చిన్నది. సీసీఎంబీ శాస్త్రవేత్తలు, జూ అధికారులు కలిసి 2010 నుండి వీటిని జూలో పెంచి, సంఖ్య పెరిగాక నల్లమలలోని అమ్రాబాద్ అడవుల్లో వదిలారు.

రాబందుల పెంపకం కేంద్రం కూడా జూ ఆధ్వర్యంలో ఉన్నది. చచ్చిన పశువును గంటల్లో శుభ్రం చేసే పక్షి రాబందు. 1990ల నుండి అవి లక్షల్లో చనిపోయాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు కారణమని 2004లో తేలింది. ఆ మందు వేసిన పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడవుతాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఇక్కడ మనకు సంబంధించిన మాట ఒకటి ఉంది. 2013లో మన పక్కనే, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట వైపు పాలరాపు గుట్ట మీద పొడవుముక్కు రాబందులు గూళ్ళు పెట్టుకొని ఉండడం కనుగొన్నారు. హైదరాబాద్ జూలో బోను ముందు నిలబడి మేము చూసిన పక్షికి దగ్గరి చుట్టాలు మన పక్క జిల్లా కొండ అంచున బతికాయి.

ఇంకొక విచిత్రం బిర్లా సైన్స్ మ్యూజియంలో చూశాము. అక్కడ నిలబెట్టిన పెద్ద డైనోసార్ అస్థిపంజరం పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి గ్రామం పేరు మీదుగా పెట్టిన పేరు అది. జురాసిక్ కాలపు జంతువు, ఆకులు అలములు తిని బతికింది. ఎముకలు మన గోదావరి లోయ రాళ్ళలో దొరికాయి. మన జిల్లా నుండి హైదరాబాద్‌కు వలసపోయిన వాళ్ళలో అందరికన్నా పాతది ఇదే అని సైన్సు సార్ అంటే అందరం నవ్వాము. మనం కూర్చున్న నేల కింది బొగ్గు దానికన్నా పాతది, 25 కోట్ల సంవత్సరాలకు పైబడినది. హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా కనిపించే గుండ్రాళ్ళు ఇంకా పాతవి, సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి.

నగరంలో అడవి ఎట్లా మిగిలింది?

ఈ ప్రశ్న మేము వాచర్ తాతను అడిగాము, సార్లను అడిగాము, మాలో మేము రైలులో కాజీపేట దాకా వాదించుకున్నాము. తేలినది ఇది. ఈ స్థలాలను జంతువుల కోసం ఎవరూ మొదట దాచిపెట్టలేదు. ఒకటి రాజకుటుంబపు ప్యాలెస్ ఆవరణ. ఇంకొకటి వేటస్థలం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు 1908 మూసీ వరదల తరువాత నగరాన్ని కాపాడడానికి, తాగునీటికి కట్టినవి. ఒకటి 1920లో, మరొకటి 1927లో పూర్తయ్యాయి. వాటి చుట్టూ నిర్మాణాలను కట్టడి చేసినందువల్ల పక్షులకు చోటు మిగిలింది. శీతాకాలంలో హిమాలయాల మీదుగా ఎగిరివచ్చే పట్టెతల బాతులు దక్కన్ చెరువుల్లో దిగుతాయి. గండిపేట కట్ట మీద నుండి మాకు అవి కనబడలేదు. నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు, మెడ పొడవైన నారాయణపక్షి ఒకటి కనిపించాయి. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించారు. దేశంలో ఒక నగర ప్రాంతపు చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం సంగతి వేరు. 1974లో సుమారు 2,300 ఎకరాల రాతినేలలో దానిని స్థాపించారు. చదువుకోసం ఇచ్చిన నేలలో దుప్పులు, నెమళ్ళు, నక్షత్ర తాబేళ్ళు ఉండిపోయాయి. దాని పక్కనే ఉన్న నేల పేరు కంచ గచ్చిబౌలి. కంచ అంటే మన తెలంగాణలో దున్నకుండా పశువుల మేతకు వదిలిన భూమి. మేము యాత్ర నుండి వచ్చిన మూడు నెలలకు, 2025 మార్చి చివరలో, అక్కడి 400 ఎకరాలలో బుల్డోజర్లు చెట్లను కూల్చడం మొదలైంది. విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది. హాస్టల్ టీవీలో దుప్పులు, నెమళ్ళ కూతల వార్తలు చూస్తుంటే అవి మాకు పరాయి జంతువులుగా అనిపించలేదు.

జంతువులు గోడ దాటి రావడం కూడా ఉన్నది. 2020 మే నెలలో లాక్‌డౌన్ రోజుల్లో ఒక చిరుత మైలార్‌దేవ్‌పల్లి దగ్గర పట్టపగలు రోడ్డు మీద పడుకొని కనిపించింది. 2024లో శంషాబాద్ విమానాశ్రయం గోడ దూకిన ఇంకొక చిరుతను మే మొదటివారంలో బోనులో పట్టి అడవికి తరలించారు. చిరుత ఊరిమీద పడ్డది అని పేపర్లు రాస్తాయి. ఊరే దాని మీద పడ్డది అన్నది మాలో ఎక్కువమంది మాట. ఒకరిద్దరు మాత్రం రాత్రి షిఫ్టు నుండి నాన్న ఒంటరిగా సైకిల్ మీద వస్తుంటే అప్పుడు కూడా ఇట్లాగే అంటారా అని అడిగారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు మా దగ్గర లేదు, దానిని అట్లాగే రాస్తున్నాము.

మన దగ్గర ఏమున్నది?

కృష్ణజింకను చూడడానికి మేము రెండు వందల కిలోమీటర్లకు పైగా రైలులో పోయాము. తిరిగి వచ్చి మ్యాపు ముందు పెట్టుకుంటే, కృష్ణజింకలకు పేరుపడ్డ ప్రాణహిత అభయారణ్యం మన మంచిర్యాల జిల్లాలోనే, చెన్నూరు దాటాక ఉన్నది. 1980లో ప్రకటించారు. మొసళ్ళ కోసం గోదావరి మీద శివ్వారం అభయారణ్యం మనకూ పెద్దపల్లి జిల్లాకూ మధ్య ఉన్నది. జన్నారం వైపు కవ్వాల్ అడవిని 2012లో పులుల అభయారణ్యంగా చేశారు. మహారాష్ట్రలోని తాడోబా నుండి ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవులకు పులులు వస్తున్నాయి. మా హాస్టల్లో ఉన్నవాళ్ళలో వీటిలో ఒక్కటైనా చూసినవారు నలుగురు. హైదరాబాద్ జూ చూసినవారు అందరూ.

దీనికి ఎవరినీ తప్పుపట్టలేము. వేటస్థలానికి గోడ ఉంటుంది, ప్యాలెస్‌కు గోడ ఉంటుంది. మన దగ్గర నేల పైన ఉన్నదానికన్నా కింద ఉన్నదానికి విలువ ఎక్కువ. మా ఇళ్ళు గడిచేది ఆ బొగ్గుతోనే. నాన్నలు, అన్నలు బాయికి పోతేనే మా చదువులు. జైపూర్‌లో, రామగుండంలో ఆ బొగ్గు మండితే వచ్చిన కరెంటు హైదరాబాద్ దీపాలకు కూడా పోతుంది. ఓపెన్‌కాస్టు కోసం అడవి తీసినప్పుడు అందులోని కుందేలు, ఏదుపంది ఎటు పోయాయో లెక్క రాసిన పుస్తకం మాత్రం మాకు దొరకలేదు. మట్టి తెచ్చి పోసిన ఓబీ గుట్టల మీద మొక్కలు నాటుతారు. అవి పెరిగిన చోట నెమళ్ళు తిరిగి వస్తున్నాయి. చెట్టు మొలిచినంత మాత్రాన పాత అడవి రాదు, కానీ నెమలి వచ్చిందంటే తినడానికి గింజ, పురుగు ఉన్నాయని అర్థం.

కోతుల విషయంలో మనకు ఒక ప్రత్యేకత ఉన్నది. మన దేశంలో మామూలు కోతులు రెండు రకాలు. ఎర్రటి పిరుదులు, పొట్టి తోక ఉన్నది ఉత్తరాది కోతి. తల మీద టోపీ పెట్టినట్టు వెంట్రుకలు, పొడవు తోక ఉన్నది దక్షిణాది కోతి. ఈ రెండింటికీ తూర్పువైపు సరిహద్దు గోదావరి నది అని పాత పుస్తకాలు రాశాయి. అంటే రామకృష్ణాపూర్ ఒక కోతి రాజ్యం, నది అవతల గోదావరిఖని ఇంకొక కోతి రాజ్యం. ఉత్తరాది కోతి ఇప్పుడు గోదావరి దాటి దక్షిణానికి పాకుతున్నదని పరిశోధకులు గమనించారు. ఎవరైనా వంతెన ఇవతల, అవతల నిలబడి కోతుల తోకలు చూసి రాసుకుంటే అది నిజమైన పరిశోధన అవుతుంది. ఖర్చు బస్సు చార్జీలే.

ఎట్లా చూడాలి

తెల్లవారుజామున గానీ, పొద్దుగూకే ముందు గానీ వెళ్ళాలి. ముప్ఫై మంది ఒక్కసారి పోతే ఏమీ కనబడదు. ఐదారుగురు చొప్పున విడిపోవాలి. ఎర్రచొక్కాలు, సెంటు వద్దు. తినడానికి ఏదీ వెయ్యకూడదు. అరటిపండు అలవాటైన కోతి రేపు చిన్నపిల్లల చేతిలోది గుంజుకుంటుంది, దానిని కొట్టేదీ మళ్ళీ మనుషులే. బిస్కెట్ కవర్లు జేబులో పెట్టుకోవాలి, ప్లాస్టిక్ తిన్న దుప్పికి అరగదు, కడుపులోనే ఉండిపోతుంది. నక్షత్ర తాబేలు దొరికిందని ఇంటికి తేవద్దు. ఇంట్లో ఉంటే డబ్బు వస్తుందనే మాట నమ్మి చాలామంది కొంటారు గానీ వచ్చేది కేసు. నెహ్రూ జూకు సోమవారం సెలవు, ఆ రోజు పెట్టుకోవద్దు.

అన్నింటికన్నా ముఖ్యం నోటుబుక్కు. తేదీ, సమయం, చోటు, ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి, అంతే. పేరు తెలియకపోతే ముక్కు, కాళ్ళు, తోక ఎట్లా ఉన్నాయో రాయాలి. బొమ్మ వచ్చినట్టు గీయాలి.

2025 జనవరి నుండి మా హాస్టల్ వరండాలో ఒక రెండు వందల పేజీల పుస్తకం మేకుకు వేలాడదీశాము. గాంధారి వనం వైపు నడకకు పోయినవాళ్ళు, సెలవుల్లో ఊర్లకు పోయినవాళ్ళు, బహిర్భూమికి పోయినవాళ్ళు కూడా అందులో రాస్తున్నారు. ఇప్పటికి 41 రకాల పేర్లు ఎక్కాయి. అందులో మూడింటి మీద ఇంకా తగాదా నడుస్తున్నది. తీతువు పిట్ట గుడ్లు గని రోడ్డు పక్క కంకరలోనే ఉన్నాయని ఎనిమిదో తరగతి వాళ్ళు ఏప్రిల్‌లో రాశారు. ఆగస్టు చివర రాసిన అంశం ఇది: "ఓబీ గుట్ట కింద జొన్నచేను. పొద్దున ఆరున్నర. నెమళ్ళు నాలుగు. రెండు మగవి, తోకలు రాలినవి. ఈకలు ఏడు ఏరినం. బ్లాస్టింగ్ కాలేదు."